అద్దాలమ్మకు కాళ్లు చూపరాదు

కరకమిట్ట పందిరి, చర్మం చూసే గది. రాసేది రామసుబ్బమ్మ.

చైత్రం, మొదటి వారం

గదిలో జరిగేదంతా రాసిపెట్టమని పట్నంలోని పెద్దపందిరి ఆఫీసు నుంచి మళ్లీ కబురు. రాయడానికి ఏముంటుంది, నా తలకాయ. వచ్చినవాళ్లను అద్దం ముందు నిలబెట్టాలి, చొక్కా తీయమనాలి, సిగ్గుపడి మెలికలు తిరిగితే కసరాలి, అద్దం ఏం చెప్పిందో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. ఏళ్ల తరబడి ఇదే పని. అయినా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఈ వారం పైవాళ్ల వంతు. ఊరంతటినీ కప్పిన పందిరి పొర మీద తెల్లెండలో తిరుగుతూ చిరుగులకు మాసికలు వేసేవాళ్లు వీళ్లే. కింద ఉన్న మాకు నీడ, వాళ్లకు ఎండ. ఎంత ముసుగు కట్టుకున్నా ముక్కో చెవో మెడో ఎక్కడో ఒకచోట ఎండకు దొరికిపోతుంది. చెన్నరాయుడి ముక్కు పక్కన ముత్యంలా మెరిసే బొడిపె కనిపించింది. మేం దాన్ని ముత్యపు గడ్డ అంటాం. నిదానమైన జబ్బు, ఉన్నచోటే కూర్చుని తింటుంది, కోసి తీసేస్తే పీడ విరగడవుతుంది. ముక్కు మిగులుతుందా అని అడిగాడు. నీ ముక్కు లేకపోతే ఊరికొచ్చే నష్టం ఏమీ లేదులే అన్నాను. ఇంకొకాయనకు చెవి అంచున పొలుసు పుండు. అది కాస్త మొండిది, నిర్లక్ష్యం చేస్తే మెడలోకి దిగుతుంది, అందుకని వెంటనే ఆస్పత్రికి పంపించేశాను. ముసలి ఈరమ్మ వీపు నిండా మైనం చుక్కలు అతికించినట్టు గోధుమరంగు పులిపిర్లు. చచ్చిపోతానని ఏడుస్తూ వచ్చింది. అవి వయసుతో వచ్చేవి, జబ్బు కాదు, వయసుకు మందు నా దగ్గర లేదు అని చెప్పి పంపాను. అన్నిటికంటే చెడ్డది నల్లమచ్చ జబ్బు. అది మాత్రం మా ఊళ్లో ఇంతవరకు కనపడలేదు. అంతా అద్దాలమ్మ చల్లని చూపు అంటారు జనం.

అద్దాలమ్మ అంటే మా యంత్రమే. ఏటా దసరాకు పసుపు రాసి బొట్లు పెడతాం. ఎదురుగా చాప మీద కూర్చున్నవాళ్లు కాళ్లు వెనక్కి మడుచుకోవాలి, తల్లికి కాళ్లు చూపరాదు. చూపు అయిపోగానే అద్దంలోంచి సన్నగా గంట మోగుతుంది. అది దీవెన. అందరూ చెంపలు వేసుకుని, అద్దం అడుగున ఉన్న చదునైన పలక మీద పువ్వో పండో పెట్టి వెళ్లిపోతారు.

చివరగా వచ్చింది మా గంగులమ్మ. పోయిన మా తమ్ముడి భార్య. నాతోనే ఉంటుంది. పందిరి మీద ఆమెను మించిన పనిమంతురాలు లేదు. అద్దం అందరికీ చర్మం వయసు చెబుతుంది, డెబ్భై దాటితే పైకి పోనివ్వరు. గంగులమ్మ పుట్టి యాభై ఏళ్లు దాటిందేమో అంతే. చంకలో చర్మం పడుచుపిల్లది. మెడ మీది చర్మం మందంగా, గళ్లుగళ్లుగా గీతలు పడి, ముసలమ్మది. ముంజేతుల మీద తోలు పలచబడి, ఊరికే తగిలితే చాలు కమిలిపోతుంది. అన్నీ కలిపి అరవై ఎనిమిది అంది అద్దం. ముందురోజు ఆమె మెడకు వెన్న పూసుకున్న సంగతి నాకు తెలుసు. నన్ను మోసం చేయొచ్చు గానీ తల్లిని చేయలేవే అన్నాను.

"వెన్న పూస్తేనే అరవై ఎనిమిది వదినా, లేకుంటే నూరు దాటేది" అని నవ్వింది.

ఒళ్లంతా శుభ్రం అని రాసేశాను.

చైత్రం, చివరి వారం

తూర్పువీధిలో పొర సందుల్లోంచి ఎండ కారుతోంది. ఆరేసిన చీరల మీద చారలు చారలుగా రంగు వెలిసింది. ఉయ్యాల్లో పడుకున్న పసిపాప చెంప కంది బొబ్బలెక్కింది. ఆ వీధి పైన పొర చూసుకునేది గంగులమ్మే.

పందిరి మేస్త్రి కుళ్లాయప్ప నా గదికి వచ్చాడు. పైవాళ్లు చెప్పులు వేసుకోరు, చెప్పు తగిలితే పొర చిరుగుతుంది. అరికాలితో నొక్కుతూ నడిస్తేనే ఎక్కడ వదులైందో, ఎక్కడ సన్నబడిందో తెలిసేది. గంగులమ్మ తోలు ముసలిదైంది, స్పర్శ తగ్గింది, ఇక దింపేద్దాం అన్నాడు. నాకు ఒళ్లు మండింది. డెబ్భై దాటలేదని అద్దం చెబుతుంటే నీ కళ్లు అద్దం కంటే గొప్పవా అని దులిపేశాను. మేస్త్రి చెడ్డవాడు కాదు. ఆ పసిపాప చెంప చూసి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఇంకొక్క నెల చూస్తాను అక్కా, అని తల దించుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక గంగులమ్మ నడక చూశాను. ఎడమకాలు పక్కకు వాల్చి వేస్తోంది. ఏమే అంటే, అరికాల్లో ఆనె, జిల్లేడు పాలు పెడుతున్నానంది. పైవాళ్లలో ఆనె లేని కాలు ఎక్కడుంది? సరే, ఆ పాలు ఎక్కువ పెట్టకు, పుండవుతుంది అని ఊరుకున్నాను.

వైశాఖం, రెండో వారం

ఆమె తొట్టి దగ్గర రాతి మీద కాళ్లు కడుక్కుంటుంటే ఈ రోజు వెనక నుంచి చూశాను. ఎడమ అరికాలు, బొటనవేలి కింద ఎత్తుగా ఉండే చోటు. అది ఆనె కాదు. ఆనె గుండ్రంగా, పసుపుపచ్చగా, గట్టిగా ఉంటుంది. ఇది రూపాయి బిళ్ల కంటే పెద్దది. ఒకవైపు నలుపు, ఒకవైపు గోధుమరంగు, ఒకవైపు బూడిద. అంచులు సిరా పీల్చిన గుడ్డలా ఎటుపడితే అటు పాకాయి. నడుమ పచ్చిగా చెమ్మ ఊరుతోంది.

నన్ను చూసి చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంది. ఎన్నాళ్లయిందే అని అడిగాను. నాలుగేళ్లుంటుందట. మొదట పుట్టుమచ్చలా ఉండేదట. పోయిన చలికాలం నుంచి నొప్పి. దానిమీద బరువు వేయలేక కాలు వాల్చి నడుస్తోందన్నమాట. ఇక పొర వదులెక్కడో ఆ కాలికి ఎలా తెలుస్తుంది? నాకెందుకు చెప్పలేదని కేకలేశాను.

"కాల్లో ఏముంటాది వదినా? ఆడికి ఎండే తగల్దు గదా."

ఊరంతా అదే మాట అంటుంది. నేనూ అదే అంటాను. ఎండ తగలని చోట ఏదీ రాదు.

వైశాఖం, మూడో వారం

పెద్దపందిరి డాక్టరు మృణాళిని గారితో తెర మీద మాట్లాడాను. మచ్చ ఎలా ఉందో చెబుతుంటే ఆవిడ ముఖం మారిపోయింది. మనలాంటి నల్లతోలు వాళ్లకు నల్లమచ్చ జబ్బు వస్తే చాలావరకు అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కిందే వస్తుందట. దానికి ఎండతో పనిలేదట. పాదాల చూపు వెంటనే పంపమంది. మా అద్దంలో పాదాలు చూసే వీలు లేదన్నాను.

"అడుగున పలక ఉంటుంది కదా రామసుబ్బమ్మ గారూ" అంది. "ఒళ్లు చూడటం అయిపోగానే గంట మోగదూ? ఇక పాదాలు పెట్టమని అడుగుతుంది."

వెనక్కి తిరిగి చూశాను. పలక మీద చామంతులు, అరటిపళ్లు, ఎండిన టెంకాయ చిప్పలు. పొద్దున చెన్నరాయుడు వెలిగించిన అగరొత్తి బూడిద. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆ డాక్టరు మీదే అరిచాను. మా ఊరి నుంచి ఒక్క పాదం కూడా రాకపోతే ఇన్నేళ్లూ మీరేం చేస్తున్నారు, ఒక్కసారైనా అడగొద్దా అన్నాను. చాలా ఊళ్ల నుంచి రావమ్మా అంది.

వైశాఖం, నాలుగో వారం

గంగులమ్మ ఒప్పుకోవడం లేదు. తల్లి ఎదుట కాలెత్తడమా, కళ్లు పోతాయి అంటుంది. మచ్చను మామూలుగా ఫొటో తీసి పంపితే లోతు తెలియదు, పలక మీదే పెట్టాలి అని డాక్టరు చెప్పింది. ఇక్కడి నుంచి చూపు వెళ్తేనే అక్కడ పడక ఇస్తారట. ఊళ్లో అప్పుడే గుసగుసలు. రామసుబ్బమ్మకు మతి పోయింది, తల్లిని కాళ్లతో తొక్కిస్తుందట అని. ఈరమ్మ నా గుమ్మంలో నిలబడి మరీ శాపనార్థాలు పెట్టింది. పోయిన నెల ఇదే మనిషి నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

ఈ రోజు అన్నం దగ్గర మళ్లీ మొదలుపెట్టాను. పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తాం కదా, బిడ్డ కాళ్లు తల్లి పొట్టకే కదా తగిలేది, తల్లి ఎక్కడైనా శపించిందా అన్నాను. గంగులమ్మ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. చివరికి అసలు మాట బయటపడింది.

"కాలు తీసేస్తారు వదినా. ఇంగ నేను పైకెట్ల పోయేది? కింద కూర్చోని ఏం చేసేది?"

నువ్వు పోతే నేనేం చేసేది, నాకింకెవరున్నారే, అన్నాను. అంతవరకు నేను ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఇద్దరం ఏడ్చాం. అన్నాలు చల్లారిపోయాయి.

జ్యేష్ఠం, మొదటి వారం

పొద్దున్నే గది తెరిచి పలక మీదివన్నీ తీసేశాను. పసుపు పేరుకుపోయి గట్టిపడింది, సున్నిపిండితో రుద్ది రుద్ది కడిగాను. కింద రెండు పాదాల గుర్తులు బయటపడ్డాయి. ఎవరో పనిగట్టుకుని చెక్కినట్టు స్పష్టంగా ఉన్నాయి. వాకిట్లో జనం మూగారు.

ముందు నేనే ఎక్కాను. చెప్పొద్దూ, నాకూ భయమే. కింద నుంచి చల్లటి వెలుతురు అరికాళ్ల మీదుగా పాకింది. శుభ్రం అంది అద్దం. హమ్మయ్య అనుకున్నాను. మరుక్షణం గంగులమ్మ ముఖం చూసి సిగ్గేసింది.

ఆమె వచ్చి పలకను వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. ఎడమకాలు పెట్టింది. వెలుతురు పాకుతూ వచ్చి, బొటనవేలి కింద ఆగి, వెనక్కి పోయి, మళ్లీ అక్కడికే వచ్చింది. నల్లమచ్చ జబ్బు, లోతు ఎక్కువ అని చెప్పింది అద్దం. శుభ్రం అని చెప్పేది కూడా ఇదే గొంతుతో.

గుమ్మంలో కుళ్లాయప్ప నిలబడి ఉన్నాడు. నొప్పిగా ఉందని ఒక్కమాట చెప్పకూడదా అక్కా అన్నాడు.

"చెప్తే దింపుతావు గదప్పా" అంది గంగులమ్మ.

ఆస్పత్రికి బండి కుళ్లాయప్పే మాట్లాడుకొచ్చాడు.

ఆషాఢం

పెద్దపందిరి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాం. పాదంలో ముందుసగం తీసేశారు. గజ్జలో ఒక గ్రంథి కూడా తీసి చూస్తే అందులోనూ కొంచెం జబ్బుందట. మందు ఎక్కించారు. ఇకముందు కూడా ఎక్కించాలట. రెండో కాలూ గజ్జా ప్రతి వారం చూస్తుండాలి, ఏ మాత్రం తేడా కనిపించినా ఆలస్యం చేయొద్దు అని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

గంగులమ్మ మెలకువ రాగానే అడిగింది ఒకటే. మడమ మిగిలింది కదా, మడమతో పొరను నొక్కితే వదులు తెలుస్తుందా అని. నేను డాక్టరు వైపు చూశాను, డాక్టరు నా వైపు చూసింది.

శ్రావణం

మొదట్లో భయపడ్డా, గంగులమ్మ కాలు చూశాక ఒక్కొక్కరే వచ్చి పలక ఎక్కుతున్నారు. ఎక్కే ముందు క్షమించు తల్లీ అని లెంపలేసుకుంటున్నారు, నేనేమీ అనడం లేదు. కొందరి మచ్చలు ఒట్టి పుట్టుమచ్చలు. ఒకరిది నిజంగానే ఆనె. కుళ్లాయప్ప కోడలు వనజకు మాత్రం కాలి బొటనవేలి గోటి కింద నల్లగీత, గోరు మొదట్లో చర్మానికి కూడా పాకింది. పెద్దపందిరికి పంపితే అదేనని తేలింది. ఇంకా పైపైనే ఉందట. వేలి కొన తీసేశారు, జబ్బు అంతటితో ఆగిందన్నారు. ఆ పిల్ల నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

నీ కాలు ఆ పిల్లను కాపాడింది అని ఊరంతా వచ్చి గంగులమ్మకు చెప్పింది. ఆమె అందరికీ తల ఊపింది. వాళ్లు వెళ్లాక నేను కూడా బుద్ధి లేక అదే మాటన్నాను. ముందున్న కంచాన్ని ఎత్తి గోడకేసి కొట్టింది.

"నాలుగేండ్లు నెలనెలా నీ ముందర నిలబడితి గదా వదినా. ఆ పిల్లది గోటికింద గీత కనపడె. నాది ఎందుకు కనపడలే?"

నేనేం చెప్పను? గంట మోగితే నువ్వూ దండం పెట్టావు, నేనూ పెట్టాను అని చెప్పనా? నిజమే అది. కానీ ఆమె కాలు సగం పోయింది, నా రెండు కాళ్లూ ఉన్నాయి. మెతుకులు ఏరుతూ కూర్చున్నాను. కాసేపటికి తనే వచ్చి నా పక్కన కూలబడి, అన్నం మళ్లీ పెట్టమంది.

ఆశ్వయుజం, దసరా వారం

ఈ ఏడు పలక మీద ఒక్క పువ్వు పెట్టనివ్వలేదు. కర్ర పట్టుకుని కాపలా కాశాను. పైన ఎంత పసుపు కావాలంటే అంత రాసుకోండి, పలక జోలికి వస్తే చేయి విరగ్గొడతానన్నాను. సరేనన్నారు. నేను గెలిచాననుకున్నాను. నా అంత తెలివితక్కువ మనిషి ఉండదు.

వాళ్లందరూ నా ఇంటికి వెళ్లారు. గంగులమ్మకు ఇప్పుడు పాదాలమ్మ అని పేరు పెట్టారు. తన కాలిచ్చి ఊరి కాళ్లు కాచిన తల్లి అట. పొద్దున లేస్తే చాలు వాకిట్లో పళ్లేలతో ఆడవాళ్లు. మిగిలిన కుడిపాదానికి పసుపు పారాణి, కోసిన ఎడమపాదానికి కూడా పసుపు. మొదటిరోజు గంగులమ్మకు నవ్వొచ్చింది, చూడు వదినా నా యోగం అంది. వారం తిరిగేసరికి నవ్వు పోయింది. కాలు లాక్కుంటే తల్లికి కోపమొచ్చిందని ఇంకొంచెం పూస్తున్నారు. ఇంకా ఘోరం ఏమిటంటే గదికి రావడం తగ్గించేశారు. పలక ఎక్కరేం అని అడిగితే, పాదాలమ్మకు మొక్కుకున్నాం కదా, మళ్లీ చూపెందుకు అంటున్నారు. ఈ మాట చెప్పింది వనజ అత్తగారు. గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

ఈ రోజు వారపు చూపు. గంగులమ్మ అద్దం దగ్గరికి రానంది, నీ కళ్లతో నువ్వే చూడు అంది. బేసిన్‌లో నీళ్లు పెట్టి కుడికాలు ఒళ్లోకి తీసుకున్నాను. పసుపు, దాని కింద ఇంకో పొర పసుపు. ఇలా పూస్తే కింద ఏమొచ్చినా ఎవరికి కనపడుతుంది? పీచుతో తోమి, వేళ్ల సందులు, గోళ్లు, మడమ, అరికాలు ఒక్కొక్క గీతా చూశాను. ఎక్కడా ఏమీ లేదు. శుభ్రం, అన్నాను. నా గొంతు నాకే తేలిగ్గా వినిపించింది.

ఆమె నా తడిచేయి పట్టుకుంది.

"కాలు గాదు వదినా. ఈడ చూడు."

గజ్జలో, పాత కుట్టు పక్కన పెట్టింది నా చేతిని. శనగగింజంత గడ్డ, గట్టిగా, కదలకుండా ఉంది. పోయిన వారం లేదు. ఎప్పటినుంచి అని అడిగాను. మూడు రోజులైందట. వాళ్లందరూ చుట్టూ కూర్చుని పాటలు పాడుతుంటే చెప్పడానికి నోరు రాలేదట.

బయట గంట వాయిస్తున్నారు. పాదాలమ్మా, దర్శనం ఇయ్యి తల్లీ అని ఎవరో పిలిచారు. గంగులమ్మ వణుకుతోంది. పందిరి మీద గాలివానలో నిలబడ్డ మనిషి వణకడం నేనెప్పుడూ చూడలేదు.

"వాళ్లను పొమ్మను వదినా. నేనింకా మనిషినే. నాకు శానా భయమైతాంది."

వెళ్లి తలుపు తీశాను. ఇది గుడి కాదు, ఇల్లు, లోపల జబ్బుమనిషి ఉంది, అందరూ వెళ్లిపోండి అన్నాను. ఒక్క టెంకాయ కొట్టి పోతాం అని ఈరమ్మ బతిమాలింది. వద్దు ఈరమ్మా, పో, అన్నాను. గొంతు పెంచలేదు, పెంచే ఓపిక లేదు. వాళ్లు పళ్లేలు పట్టుకుని వెళ్లిపోయారు.

కుళ్లాయప్పకు కబురు పెట్టాను, రేపు తెల్లవారగానే బండి తెస్తానన్నాడు. డాక్టరుకు చెప్పాను. మళ్లీ కోయాలి, ఇంకో మందు ఉంది, ముందు తీసుకురండి అంది. మందు పనిచేస్తుందా అని అడిగితే, కొందరికి చేస్తుంది అంది. గడియ పెట్టి వచ్చి గంగులమ్మ పక్కన కూర్చున్నాను. నాకూ భయంగానే ఉందే అని చెప్పాను. ఆమె తడికాలు మళ్లీ నా ఒళ్లో పెట్టింది, నేను కొంగుతో తుడుస్తున్నాను.